మట్టి, మంట, మీ ఉత్తరాలు

గత నెల ఈ పత్రికలో అల్వాల్‌లోని మా ఇంటి వెనక షెడ్డు గురించి, అందులో నేను చేసే సిరామిక్ కప్పులు, గిన్నెల గురించి రెండు పేజీలు వేశారు. ఆ తర్వాత సంపాదకులు ఒక సంచీ ఉత్తరాలు, ఇంకో వంద వాట్సాప్ మెసేజ్‌లు నాకు పంపి, "జవాబులు మీరే రాయండి" అన్నారు. ఒకే సంగతి పదిమంది అడిగిన చోట ఒక్కరి ఉత్తరమే తీసుకున్నాను. "మేడం గారికి పెళ్లయిందా" అని అడిగిన ఇద్దరికి మాత్రం ఇక్కడే చెప్పేస్తున్నాను: నాకు 51 ఏళ్లు, మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం.

మీకు స్ఫూర్తి ఎవరు? ఏ కళాకారుణ్ణి చూసి ఈ పనిలోకి వచ్చారు?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ

సార్, మీరు మనిషి పేరు అడిగారు. నాకు ముందు గుర్తొచ్చేది జాడీ.

జనగామలో మా నానమ్మ ఇంట్లో మూడు జాడీలుండేవి. ఆవకాయకు పెద్దది, చింతకాయ తొక్కుకు మధ్యది, ఉప్పుకు చిన్నది. కింద మీగడ రంగు, భుజం నుంచి మూతి దాకా ముదురు గోధుమ రంగు. ఉప్పు జాడీ మీద ఒకచోట ఆ గోధుమ రంగు వేలెడు కిందికి జారి, బొట్టులా ఆగిపోయి ఉండేది. నాకు ఐదారేళ్లప్పుడు అది ఎండిన బెల్లం పాకమనుకుని నాకాను. ఉప్పగా ఉంది.

పెద్ద జాడీ మూత ఒకసారి మా అమ్మ చేతిలోంచి జారి పగిలింది. "అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ" అన్న సామెత ఎవరో మా ఇంటికొచ్చి చూసే కట్టారేమో. నానమ్మ పోయేదాకా ఆ మూత గురించి విన్నాం. నేను మాత్రం ఒక పెంకు దాచుకున్నాను. విరిగిన అంచు చూస్తే లోపల బూడిద రంగు, రాయిలా గట్టిగా ఉంది. పైన మెరిసే పొర గోరంత మందం కూడా లేదు. మంచినీళ్ల కుండేమో ఎప్పుడూ చెమటలు పడుతుంటుంది, ఈ జాడీ ఏడాదంతా నూనె పోసి ఉంచినా ఒక్క చుక్క బయటికి రాదు. రెండూ మట్టే కదా, మరి ఎందుకిలా? ఆ ప్రశ్న నాతోపాటే కాలేజీకి వచ్చింది. కెమిస్ట్రీ చదివాను, జూనియర్ కాలేజీలో పదకొండేళ్లు పాఠం చెప్పాను.

రెండోది ఒక గోడ. నాకు 36 ఏళ్లప్పుడు ఆడపడుచు పెళ్లికి బట్టలు కొనడానికి పత్తర్‌గట్టి వెళ్లాం. మావాళ్లు బేరాల్లో ఉంటే విసుగొచ్చి దగ్గర్లోనే ఉన్న బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలోకి వెళ్లాను. మొహర్రం పీర్లను నిలిపే ఆ కట్టడం 1590ల్లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించింది. లోపలి గోడల మీద రంగు పలకల పనికి 1611 అని చెబుతారు. పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, ముక్కలుగా కోసి, ఆ ముక్కలను పక్కపక్కన పేర్చి ఆలం (పీరు) ఆకారాలు, పూలతీగలు కూర్చారు. దగ్గరికెళ్లి చూస్తే రెండు ముక్కల మధ్య సందులో దారం కూడా దూరేట్టు లేదు.

అక్కడొకాయన నాకు కింది భాగం చూపించారు. 1908 మూసీ వరదలో ఇక్కడికీ నీళ్లొచ్చాయి, కింద పలకలు దెబ్బతిన్నాయి. పోయిన చోట తర్వాతి కాలంలో అదే డిజైన్‌ను రంగులతో గోడ మీద వేశారు. అంటే ఒకే గోడ మీద పైన కాల్చిన రంగు, కింద పూసిన రంగు. ఎంతో వయసు తక్కువదైన కింది రంగు వెలిసిపోయింది. నాలుగు వందల ఏళ్ల నాటి పై రంగు నిన్న కడిగినట్టుంది. పూసిన రంగు గోడ మీద కూర్చుంటుంది. కాల్చింది అలా కాదు, కరిగి గాజై పలకను పట్టుకుంటుంది. నేను పిల్లలకు బోర్డు మీద సిలికేట్లు అని ఫార్ములాలు రాసేదాన్ని. అవి ఇక్కడ గోడెక్కి కూర్చున్నాయి. ఆ రోజు చీరలు ఏవి కొన్నామో నాకు గుర్తులేదు.

రీల్‌లో చూస్తే కప్పు రెండు నిమిషాల్లో అయిపోతోంది. మీరు ఆరు కప్పులకు ఆరు వారాలు అన్నారు. మిగతా టైమంతా ఏం చేస్తారు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

ఎండబెడతాను బాబూ.

రీల్‌లో అబద్ధమేమీ లేదు. 350 గ్రాముల ముద్దను కుమ్మరి సారె మీద కప్పుగా లేపడానికి నాకూ ఐదారు నిమిషాలే. కానీ ఆ ముద్ద దాకా రావడానికే నెల పడుతుంది. మాది కుండల మట్టి కాదు. ద్వారకా తిరుమల వైపు దొరికే బాల్ క్లే, తెల్లటి చైనా క్లే, ఫెల్డ్‌స్పార్, పలుగురాతి పొడి, ఈ నాలుగూ కొలత ప్రకారం నీళ్లలో కలిపి, జల్లెడ పట్టి, ప్లాస్టర్ పలకల మీద నీరు లాగించి, మూట కట్టి ఒక మూల పెడతాను. ఇడ్లీపిండి పులిసినట్టు ఇదీ మాగాలి. వాసన కూడా వస్తుంది. మా ఆయన ఆ మూలకు పోడు. మాగని మట్టిని సారె మీద వంచితే చిట్లుతుంది, మాగింది సాగుతుంది.

తర్వాత పిసకడం. చపాతీపిండిలాగే కదా అంటారు చూసినవాళ్లు. చపాతీలో గాలి ఉంటే పొంగుతుంది, సంతోషం. కప్పులో గాలిబుడగ ఉంటే సారె మీద చెయ్యి దాన్ని తగిలి ఎగురుతుంది, గోడ వంకర పోతుంది.

సారె మీద అన్నిటికన్నా కష్టం ముద్దను మధ్యకు తేవడం. మొదటి మూడు నెలలు నాకు రాలేదు. నాకు పని నేర్పింది మా పక్క బస్తీలో కుండలు చేసే ఒక పెద్దాయన. తాతా అని పిలిచేదాన్ని. ఆయన వారం రోజులు నన్ను చూసి ఒకే మాట చెప్పారు: "మోచెయ్యి తొడకు ఆనియ్యి బిడ్డా. చెయ్యి గాలిలో వెట్టుకొని మన్నుతోని కొట్లాడితే ఏమొస్తది?" మోచెయ్యి ఆనించిన రోజే ముద్ద కుదురుకుంది.

కప్పు లేపాక అసలు ఎదురుచూపు మొదలు. మరుసటి రోజుకు అది గట్టి జున్నుముక్కలా అవ్వాలి. అప్పుడు తిప్పి పెట్టి అడుగు చెక్కుతాం, పిడి అతికిస్తాం. పిడి పచ్చిగా, కప్పు ఆరిపోయి ఉంటే అతుకు దగ్గర పగులు ఖాయం. రెండూ సమానంగా తడి ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మన హైదరాబాద్ ఎండకు కప్పు అంచు గంటలో తెల్లబడుతుంది, అడుగు ఇంకా మెత్తగానే ఉంటుంది. అందుకే తడిపిన పాత నూలు చీర, దాని మీద ప్లాస్టిక్ కవరు. మా అమ్మ చీరల్లో సగం ఇక్కడే ఉన్నాయి. జూలై ముసుర్లలో మళ్లీ తిరకాసు, పదిరోజులైనా ఆరదు. ఆరిందో లేదో చూడ్డానికి మీటరేమీ లేదు. కప్పును చెంపకు ఆనించుకుంటాను. చల్లగా తగిలితే ఇంకా నీరుంది.

నీరుండగా బట్టీలో పెడితే ఆవిరి దారి దొరక్క కప్పును పేల్చేస్తుంది. దాని ముక్కలు పక్కవాటికీ తగులుతాయి. కాబట్టి మొదటి కాల్పులో నూరు డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆగుతాను. పైకి ఆరినట్టున్నా మట్టి కణాల్లో బంధమై ఉన్న నీరు ఇంకా ఉంటుంది. అది 450 నుంచి 600 డిగ్రీల మధ్య పోతుంది. 573 దగ్గర పలుగురాతి స్ఫటికం ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. అక్కడ తొందరపడితే పగులే. 950కి చేర్చి ఆపేస్తే మట్టి ఇక నీళ్లలో కరగదు, కానీ నీరు పీలుస్తుంది. ఆ పీల్చే గుణం వల్లే గ్లేజ్, అంటే పైన మెరిసే పూత, పడుతుంది. కప్పును గ్లేజ్ బకెట్లో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంతసేపు ముంచి, తీసి, అడుగు తుడిచి, రెండో కాల్పు 1,220కి. తర్వాత మూత తీయకుండా ఒక రోజంతా చల్లార్చాలి. నేను ఇప్పటికీ ఆ రాత్రి రెండుసార్లు లేచి షెడ్డు దాకా వెళ్లొస్తాను. వెళ్లి చేసేదేం లేదు.

ఇంకొకటి. ఆరేటప్పుడు, కాలేటప్పుడు కలిపి మా మట్టి నూటికి పన్నెండు పాళ్లు కుంచించుకుపోతుంది. మీకు 9 సెంటీమీటర్ల కప్పు కావాలంటే నేను 10.2 లేపాలి. మీ ఆరు కప్పుల్లో ఒకటి కాస్త పొట్టిగా వస్తే ఆ రోజు నా లెక్క తప్పిందన్నమాట, మళ్లీ మొదటినుంచీ చేస్తాను.

మీ గ్లేజ్‌లో హైదరాబాద్ గ్రానైట్, బేకరీ బూడిద కలుపుతారని చదివాను. నిజంగా పనికొస్తాయా, పేరుకేనా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, తార్నాక

పేరుకైతే అమ్మా, బ్రోచర్‌లో రాసుకునేదాన్ని. నా నోటు పుస్తకంలో 60 పలకల పరీక్షలు ఉండేవి కావు.

గ్లేజ్ అంటే గాజు పూత. దానికి మూడు కావాలి: గాజయ్యే సిలికా, అది నీళ్లలా జారిపోకుండా పట్టి ఉంచే అల్యూమినా, తక్కువ వేడికే కరిగించే క్షారాలు. గ్రానైట్‌లో ఉండేదేమిటి? ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ (మన పలుగురాయే), కొంచెం అభ్రకం. ఫెల్డ్‌స్పార్ ఒక్కదానిలోనే పైన చెప్పిన మూడూ ఉన్నాయి. బంజారాహిల్స్‌లో, మౌలాలిలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ బండలకు 250 కోట్ల ఏళ్ల వయసు. ఫెల్డ్‌స్పార్ లక్షల ఏళ్లు ఎండకూ వానకూ నాని చివికితే మిగిలేది చైనా క్లే. అంటే నా మట్టిలో సగం, నా గ్లేజ్‌లో సగం బండలో నుంచి వచ్చేవే. ఈ సంగతి తెలిశాక ఊరంతా బండలు పగలగొట్టి ప్లాట్లు చేస్తుంటే నాకు ఇంకో రకంగా కడుపుమండుతుంది, అది వేరే కథ.

పొడి కోసం బండ పగలగొట్టలేదు. వంటింటి గట్టు పలకలు కోసే షాపులో రంపం కింద పారే బురద ఉంటుంది. వాళ్లకది పారేయాల్సిన చెత్త, అడిగితే బకెట్ నింపి ఇచ్చారు. ఆరబెట్టి జల్లెడ పట్టి, 75 పాళ్లకు 25 పాళ్లు సుద్దపొడి కలిపి కాల్చాను. 1,260 దగ్గర బాగానే కరిగింది. నా మామూలు కాల్పు 1,220లో మాత్రం ఇసుక కాగితంలా గరుకుగా వచ్చింది. పది పాళ్లు బోరాక్స్ ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) చేర్చాక దారికొచ్చింది. రంగు ముదురు తేనె రంగు, అక్కడక్కడా నల్ల చుక్కలు. రంపం నుంచి అరిగిన ఇనుము ఆ బురదలో కలవడమే అందుకు కారణం. షాపు మారినప్పుడల్లా రంగు మారుతుంది. నల్ల గ్రానైట్ కోసిన వారం బురద తెస్తే అంతా కాఫీ డికాక్షన్ రంగు.

బూడిద సంగతి ఇంకా తమాషా. మా వీధి చివర కట్టెల పొయ్యి మీద బన్నులు కాల్చే పాత బేకరీ ఉంది. వాళ్ల బూడిదలో సున్నం పాలు ఎక్కువ, అది గ్లేజ్‌ను కరిగిస్తుంది, పాయలు పాయలుగా జారిస్తుంది. నానమ్మ జాడీ మీది బొట్టు గుర్తొచ్చేది ఆ కప్పుల్లోనే. బూడిదైతే ఒకటే కదా అని మిల్లు నుంచి వరి ఊక బూడిద తెచ్చి అదే కొలతలో వేశాను. కరగనే లేదు, తెల్లగా సుద్ద పూసినట్టు ఉండిపోయింది. ఊక బూడిద దాదాపు అంతా సిలికా. అదొక పాఠం. రెండూ కలిపి చూడటం తర్వాతి పాఠం. ఇప్పుడు నేను చేసే పాలమీగడ రంగు గిన్నెలకు ఆ రెండు బూడిదలే ఆధారం.

నువ్వు ప్రయోగం చేస్తే రెండు జాగ్రత్తలు. కట్టె బూడిద నానేసిన నీళ్లు చేతికి సబ్బులా జారుతాయి. అది క్షారం, చర్మం ఒలుచుకుపోతుంది, గ్లౌజులు వేసుకో. రాతి పొడి కలిపేటప్పుడు ఎన్95 మాస్క్ లేకుండా డబ్బా మూత కూడా తీయకు. సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు. నా షెడ్డులో చీపురు లేదు, తడిగుడ్డే.

అత్తగారు ఇచ్చిన జాడీ లోపల సన్నటి గీతలు, సాలెగూడులా కనిపిస్తున్నాయి. ఆవకాయ పెట్టొచ్చా?
– గృహిణి, ఉప్పల్

చల్లారేటప్పుడు పైనున్న గాజు పొర లోపలి మట్టికన్నా ఎక్కువ ముడుచుకుంటే ఇలా నెర్రెలు పడతాయి. బిగుతైన జాకెట్ కుట్లు విడినట్టు. కొన్ని కొత్తలోనే పడతాయి, కొన్ని ఏళ్ల తర్వాత. లోపలి మట్టి రాయిలా గట్టిపడి ఉంటే దాని వల్ల ప్రమాదం తక్కువ. మట్టి ఇంకా నీరు పీల్చేలా ఉంటే నూనె, పులుపు లోపలికి దిగి, అక్కడే మురిగి, వచ్చే ఏడాది పచ్చడిని పాడుచేస్తాయి.

తేల్చుకోవడం సులువు. జాడీని మూడు రోజులు బాగా ఎండలో పెట్టండి. తూకం వేయండి. నిండా నీళ్లు పోసి ఒక రోజంతా ఉంచి, వంపేసి, గుడ్డతో తుడిచి మళ్లీ తూయండి. మూడు కిలోల జాడీ ముప్పై గ్రాముల లోపు పెరిగితే నిశ్చింతగా పెట్టుకోండి. వంద గ్రాములు పెరిగిందంటే దానిలో బియ్యమో పప్పో పోసుకోండి. లోపల పెచ్చు ఊడి మట్టి కనిపిస్తుంటే అసలే వద్దు.

సంతల్లో అమ్మే, లోపల కూడా ఎర్ర, నారింజ రంగులు మెరిసిపోయే సన్నటి జాడీలు వచ్చాయి ఈమధ్య. వాటిలో ఏ రంగులు వాడారో అమ్మేవాళ్లకే తెలియదు. సీసం కలిసిన గ్లేజ్ ఉంటే మామిడికాయ పులుపు దాన్ని పచ్చట్లోకి లాగుతుంది. నేనైతే పూలు పెట్టుకుంటాను.

మా నాన్న కుమ్మరి. ఆయన నీళ్ల రంజన్‌కు 200 అంటే కూడా బేరమాడతారు. మీ కప్పు 850 అని రాశారు. రెండూ మట్టే కదా మేడం?
– డిగ్రీ విద్యార్థి, నల్గొండ జిల్లా

తమ్ముడూ, నీ ఉత్తరానికి జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

ముందు లెక్క చెబుతాను. పది కప్పులు చేస్తే ఏడు అమ్మకానికి పనికొస్తాయి. ఒక్కో కాల్పుకు నా బట్టీ 70 యూనిట్ల దాకా కరెంటు తింటుంది, ప్రతి కప్పూ రెండుసార్లు కాలాలి. గ్లేజ్ సామాను, ప్యాకింగ్, కొరియర్‌లో పగిలినవాటికి మళ్లీ పంపడం. ఇవన్నీ కలిపినా 850 రాదు. మిగిలింది నా రోజుకూలీ. ఇంకా ఒకటి ఉంది, దాచను. ఏసీ గదిలో బల్ల మీద పెట్టి, పక్కన చిన్న కార్డు మీద ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాస్తే జనం బేరమాడరు. అదే మనిషి రోడ్డు పక్కన కారాపి మీ నాన్నలాంటివాళ్ల దగ్గర ఇరవై రూపాయల కోసం పది నిమిషాలు నిలబడతాడు. ఒక ఎగ్జిబిషన్‌లో నా పక్కన, నాకు పని నేర్పిన కుమ్మరి తాతకు చోటిమ్మని అడిగాను. నిర్వాహకులు ఇచ్చారు, గేటు బయట. నేను లోపలే కూర్చున్నాను. లేచి బయటికి పోయి కూర్చుని ఉండాల్సింది.

ఇక రెండూ మట్టే కదా అన్నావు. నేను రంజన్ చెయ్యలేను. మీ నాన్న మూతి, భుజం సారె మీద లేపి, అడుగు లేకుండానే కోసి తీసి, తర్వాత లోపల రాయి, బయట చెక్క పెట్టి కొట్టి కొట్టి గుండ్రంగా పెంచుతారు చూడు, అది నాకు పదిహేనేళ్ల తర్వాత కూడా రాలేదు. రెండుసార్లు నా చెక్క గోడలోంచి అవతలికి వచ్చేసింది. పైగా నా కప్పు నీళ్లను చల్లబరచదు. మీ కుండ తక్కువ వేడిలో కాలుతుంది కాబట్టే సన్నటి రంధ్రాలు మూసుకోవు. నీరు ఆ రంధ్రాల్లోంచి ఊరి, ఆవిరై, వేడిని పట్టుకుపోతుంది. నా బట్టీలో 1,220కి కాలిస్తే ఆ రంధ్రాలన్నీ మూసుకుపోతాయి.

అసలు మీ చెరువు మట్టితో చేసిన కుండను నా బట్టీలో పెడితే కుండే మిగలదు. ఇనుము, సున్నం ఎక్కువ కాబట్టి 1,200 దాటగానే కరిగి పాకమవుతుంది. మొదటిసారి తాత చేసిన చిన్న గురిగి పెట్టి బట్టీలో కప్పులు పేర్చే పలకను పాడుచేసుకున్నాను. చల్లారాక చూస్తే చాక్లెట్ రంగులో నున్నటి గాజు. జాడీ మెడ మీద ఆ గోధుమ రంగు వేసేది కూడా ఇలా కరిగే మట్టితోనేనని అప్పుడు తెలిసింది. నలభై ఏళ్లు కెమికల్ అనుకున్నాను! అప్పటినుంచి నా గోధుమ రంగు కప్పులన్నిటికీ గ్లేజ్ చెరువు మట్టే. తాత పోయారు. వాళ్లబ్బాయి దగ్గర మూట లెక్కన కొంటాను, ఆయన చెప్పిన ధరకు.

నీకు సలహా చెప్పేంత దాన్ని కాదు. అడిగావు కాబట్టి ఒకటి. వంటకు వాడే చట్టీలకు మీ నాన్న మట్టిలో ఇసుక ఎంత కలుపుతారో, ఏ చెరువు, ఎన్ని రోజుల నానబెట్టడమో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టు. తాత అవేవీ చెప్పకుండానే పోయారు, నేను అడగలేదు. ఒక రెండు కిలోల మట్టి పత్రిక అడ్రసుకు పంపితే కాల్చి, పలక నీకు తిరిగి పంపిస్తాను. ఏ రంగు వస్తుందో నాకూ చూడాలనుంది.

మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా? డిస్కౌంట్ ఉందా?
– చాలామంది

పెట్టొచ్చు, బంగారు అంచు ఉన్నవి తప్ప. లేదు.

మీ పనిలో మరిచిపోలేని చెడ్డ రోజు?
– బ్యాంకు ఉద్యోగిని, కరీంనగర్

ఒక కేఫ్‌కు 60 కప్పులు. ఇరానీ చాయ్ కోసమని మందంగా, పొట్టిగా, సాసర్లో పోసుకుని తాగేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి సాసర్ కాస్త లోతుగా. లేత నీలం కావాలన్నారు. ఆరు కిలోల గ్లేజ్ పొడికి అర శాతం కోబాల్ట్, అంటే 30 గ్రాములు. రాత్రి పదకొండింటికి, మర్నాడు మా అబ్బాయి పరీక్ష టెన్షన్‌లో, 300 తూచాను. పైగా అది చవకైన సరుకు కాదు, ఉన్న డబ్బా అంతా ఖాళీ అవుతుంటే కూడా బుర్ర వెలగలేదు. బకెట్ రంగు ముదురుగా ఉందేమిటని అనిపించింది, కాలాక సర్దుకుంటుందిలే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మూత తీస్తే లోపల అరవై నల్ల కప్పులు. ఎండలోకి తెస్తే అంచుల్లో ఎక్కడో నీలం. కోబాల్ట్ గ్లేజ్‌ను ఇంకా పలుచన చేస్తుంది కాబట్టి పదిహేను కప్పులు కిందికి జారి అరలకు అతుక్కుపోయాయి, సుత్తితో ఊడదీయాల్సి వచ్చింది. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అంటారు. నాకు గుదియ (దుడ్డుకర్ర) కూడా అక్కర్లేకపోయింది, ఒక దశాంశ బిందువు చాలింది. కేఫ్ వాళ్లు ఇంకో రెండు నెలలు ఆగారు, పాపం మంచివాళ్లు. నల్ల కప్పుల్లో ఒకటి మా ఇంట్లో చెంచాలకు, ఒకటి పెన్నులకు, ఒకటి తులసికోట దగ్గర అగ్గిపెట్టె తడవకుండా. ఇప్పుడు తూకం నేను పైకి చదువుతాను, అబ్బాయి టిక్ పెడతాడు. వాడు హాస్టల్‌లో ఉంటే వీడియో కాల్.

ఇలాంటి పాత పని హైదరాబాద్‌లో ఎక్కడ చూడొచ్చు?
– పాలిటెక్నిక్ విద్యార్థి, నిజామాబాద్

ఆషుర్‌ఖానా గురించి పైన చెప్పాను. సాలార్‌జంగ్ మ్యూజియంలో అందరూ గడియారం కొట్టే బొమ్మ దగ్గర గుమిగూడతారు, నువ్వు చైనా గదికి వెళ్లు. అక్కడ లేత ఆకుపచ్చ సెలడాన్ పళ్లేలున్నాయి. విషం కలిపిన అన్నం పెడితే పళ్లెం పగులుతుందని, రంగు మారుతుందని నవాబులు నమ్మేవారు. అలాంటిదేమీ జరగదు. ఆ ఆకుపచ్చ మాత్రం నిజంగా మాయే: గ్లేజ్‌లో ఒకటి రెండు శాతం ఇనుము, బట్టీలో గాలి తగ్గించి పొగలో కాల్చడం, అంతే. అదే ఇనుము గాలి ఆడే నా కరెంటు బట్టీలో తేనె రంగు ఇస్తుంది. అందుకే నాకా ఆకుపచ్చ ఇంతవరకూ చేతికి చిక్కలేదు.

వీలైతే కొండాపూర్ మ్యూజియం. ఐటీ కంపెనీల కొండాపూర్ కాదు, సంగారెడ్డి అవతలిది. ఆటో అతనికి గట్టిగా చెప్పు. శాతవాహనుల నాటి ఊరు తవ్వితే దొరికినవి అక్కడున్నాయి. తెల్లమట్టితో, ముందు సగం వెనక సగం రెండు అచ్చుల్లో చేసి అతికించిన బొమ్మల జడలు, చెవికమ్మలు చూడు. రెండు మ్యూజియంలూ శుక్రవారం మూసి ఉంటాయి.

ఆంటీ, నేను మట్టితో ఏనుగు చేశాను. ఎండాక తొండం ఊడిపోయింది. ఫెవికాల్ పెట్టనా?
– మూడో తరగతి, సికింద్రాబాద్

వద్దు నాన్నా. ఎండిన మట్టికి ఎండిన మట్టి అతకదు. ఏనుగునీ తొండాన్నీ ఒక గిన్నెలో వేసి నీళ్లు పోయి. కలపకు, ఊరికే చూస్తూ ఉండు, బుడగలు వస్తూ అదే విడిపోతుంది. రేపటికి మెత్తని ముద్దవుతుంది. పాత దుప్పటి మీద పరిచి నీళ్లు పోయేదాకా ఆరబెట్టి, మళ్లీ ఏనుగు చెయ్యి. ఈసారి తొండం పెట్టేముందు ముఖం మీదా, తొండం చివరా పుల్లతో గీతలు గీకి, మధ్యలో పెరుగులాంటి పల్చటి మట్టి రాసి, గట్టిగా నొక్కు. ఫ్యాన్ కింద పెట్టకు. తొండం కొంచెం లావుగా చెయ్యి.